గడ్డకట్టిన సరస్సు మీద కాలు పెట్టే ముందు

అమెరికాలోని మిన్నెసోటాలో చలికాలం చేపలు పట్టడానికి, స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) నడపడానికి మిల్ లాక్స్ లాంటి సరస్సుకి బయల్దేరుతున్నారా? సామాను ఎక్కించే ముందు ఇవి చూసుకోండి.

- అన్నిటికన్నా ముందు ఐస్ మందం. నడవడానికి కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కి 5 నుంచి 7 ఉండాలని అక్కడి సహజ వనరుల శాఖ చెబుతుంది, అదీ కొత్తగా కట్టిన, గాజులా కనిపించే ఐస్ అయితేనే. తెల్లగా ఉంటే రెట్టింపు కావాలి. పక్కవాళ్ల ట్రక్కు నిలబడింది కదా అని ధైర్యం చేయకండి, ఒకే సరస్సులో నాలుగడుగులు వేస్తే మందం మారిపోతుంది. రంధ్రం వేసి కొలుచుకుంటూ వెళ్లడమే. పైన మంచు కప్పేసి ఉంటే ఇంకా అనుమానించండి.

- ఐస్ పిక్స్ (ఐస్‌లో గుచ్చి పట్టుకునే మొనదేలిన పిడులు) మెడలో వేసుకోండి, బ్యాగులో కాదు. నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుంది, ఆ తర్వాత చేతులు మాట వినేది ఓ 10 నిమిషాలు. వచ్చిన వైపుకే తిరిగి, పిక్స్ గుచ్చి పైకి పాకాలి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరంగా రావాలి.

- లైఫ్ జాకెట్, హెల్మెట్. జీన్స్, కాటన్ వద్దు, తడిస్తే ఇక ఆరవు.

- టెంట్‌లో హీటర్ పెడితే గాలి ఆడేలా చూసి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు.

- 16 ఏళ్లు నిండితే చేపలు పట్టడానికి లైసెన్స్ కావాలి.

- పులిహోర ఫ్లాస్కులో పెట్టుకోండి, డబ్బాలో అయితే రాయిలా అయిపోతుంది.

- ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి.