ఓకేఆర్ సాఫ్ట్‌వేర్ మార్చాలనుకుంటున్నారా? ముందు లోపం ఎక్కడుందో చూడండి

ఓకేఆర్ అంటే లక్ష్యాలు, వాటిని చేరామో లేదో అంకెల్లో చెప్పే కీలక ఫలితాలు. వీటిని నమోదు చేసే సాఫ్ట్‌వేర్ కొన్న సంస్థలు ఏడాది తిరగకముందే ఇంకోదాని కోసం వెతకడం మామూలైపోయింది. తిరుపతి, రేణిగుంట, చిత్తూరు చుట్టుపక్కల ఇదే పని మీద తిరుగుతుంటాను కాబట్టి నాకు వచ్చే ఫోన్లు కూడా ఎక్కువగా అవే. "ఇది పనికిరావడం లేదండీ, మంచిదేదైనా చెప్పండి" అంటారు. చెప్పేముందు ఒకసారి డాష్‌బోర్డు తెరిచి చూపించమంటాను. చాలాసార్లు తప్పు అమరికలోనో, లక్ష్యం రాసిన తీరులోనో దొరుకుతుంది. అవే అలవాట్లతో కొత్తది కొంటే డబ్బూ పోతుంది, తంటా కూడా తీరదు.

ఈ పద్ధతి ఇప్పుడు అమ్ముతున్న సాఫ్ట్‌వేర్ల కంటే చాలా పాతది. 1970లలో చిప్‌లు తయారుచేసే ఇంటెల్‌లో ఆండ్రూ గ్రోవ్ దీనికి రూపమిచ్చారు. అక్కడ పనిచేసిన జాన్ డోర్ 1999లో గూగుల్‌కు పరిచయం చేశారు. ఈ సాఫ్ట్‌వేర్లు లేకుండానే నడిచిన పద్ధతి కాబట్టి కింద చెప్పే పరిష్కారాల్లో కొన్నింటికి పైసా ఖర్చు లేదు.

లక్షణం: సీజను రాకముందే డాష్‌బోర్డు నిండా ఎరుపు

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఇది ఏటా కనిపించే దృశ్యం. ఉదాహరణకు, ఏప్రిల్ 1 నుంచి జులై 31 లోగా నాలుగు వేల టన్నుల గుజ్జు తీయాలన్నది కీలక ఫలితం అనుకుందాం. మే 31 నాటికి గడువు సరిగ్గా సగం గడిచిపోతుంది. సాఫ్ట్‌వేర్ గడిచిన రోజులను బట్టి లెక్క కట్టి, రెండు వేల టన్నులు ఏవని అడుగుతుంది. తోతాపురి కాయ జోరందుకునేదే జూన్‌లో. అప్పటికి బాయిలర్ కూడా వెలిగించని ఫ్యాక్టరీకి "తీవ్రంగా వెనుకబడింది" అన్న ముద్ర పడుతుంది. యజమాని మేనేజర్‌ను అడుగుతాడు, మేనేజర్ తోటలకేసి చూపిస్తాడు.

కారణం: చాలా సాఫ్ట్‌వేర్లు పని రోజూ సమానంగా సాగుతుందని అనుకుంటాయి. దానికి తోడు త్రైమాసికం జూన్ 30తో ముగిసిపోతుంది. అంటే సీజను సరిగ్గా నడిమధ్యలో తెగుతుంది. పైగా విదేశీ సాఫ్ట్‌వేర్లలో సంవత్సరం జనవరితో మొదలయ్యేలా ముందే అమర్చి ఉండడం సాధారణం. మన ఖాతాలు ఏప్రిల్‌తో మొదలవుతాయి.

పరిష్కారం: ముందు అమరికల్లోకి వెళ్లి ఆర్థిక సంవత్సరం మొదటి నెలను ఏప్రిల్‌గా మార్చండి. తర్వాత ఆ లక్ష్యానికి మాత్రం త్రైమాసికం వదిలేసి, మే నడిమి నుంచి ఆగస్టు నడిమి వరకు సొంత గడువు పెట్టండి. రంగు దానంతటదే మారే సదుపాయాన్ని ఆపేసి, స్థితిని మనిషే ఎంచుకునేలా చేయండి. మైలురాళ్లు పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది: మే నెలాఖరుకు రైతులతో, మండీలతో ఒప్పందాలు, జూన్ 15కు మొదటి బ్యాచ్, ఆపైన వారానికి ఇన్ని టన్నులు. సొంత గడువు, మనిషి ఎంచుకునే స్థితి, మైలురాళ్లు, ఈ మూడింటిలో ఒక్కటీ కుదరని సాఫ్ట్‌వేర్ అయితే మార్చండి. ఇలాంటి వ్యాపారానికి అది సరిపడదు.

తిరుపతి లాడ్జీలకు, ట్రావెల్స్‌కు ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. శ్రీవారి బ్రహ్మోత్సవాలు తిథులను బట్టి జరుగుతాయి. 2024లో అక్టోబర్ 4 నుంచి 12 వరకు జరిగాయి. 2025లో సెప్టెంబర్ 24న మొదలై అక్టోబర్ 2న ముగిశాయి. ఇప్పుడు జులై-సెప్టెంబర్ గదుల ఆదాయాన్ని నిరుటి అదే మూడు నెలలతో పోల్చమని సాఫ్ట్‌వేర్‌కు చెబితే, 2025లో అందరూ అద్భుతంగా పనిచేసినట్లు తేలుతుంది. ఆ తర్వాతి త్రైమాసికం చూస్తే అందరూ నిద్రపోయినట్లు ఉంటుంది. ఇక్కడ పోలిక పండుగతో పండుగకు పెట్టాలి. ఆ లెక్క బయట షీటులో వేసుకుని, వచ్చిన అంకెను మాత్రం ఎక్కించండి.

లక్షణం: ఫిర్యాదులు ఇంకా లక్ష్యానికి దిగనే లేదు, ప్రగతి మాత్రం 175 శాతం

చూడగానే నవ్వొస్తుంది కానీ, నెలవారీ నివేదికలో ఎవరూ పట్టించుకోకుండా దాటిపోయేది ఇదే. నెలకు 20 ఫిర్యాదులు వచ్చేవి, వాటిని 8కి తేవాలి. ఇప్పుడు 14 దగ్గర ఉన్నారు. నిజానికి సగం దారి వచ్చినట్లు. సాఫ్ట్‌వేర్ మాత్రం 175 చూపిస్తోంది.

కారణం: ఆరంభ విలువ అడిగే గడిని ఖాళీగా వదిలేశారు. ఖాళీ అంటే దానికి సున్నా. ప్రగతి లెక్క ఇలా ఉంటుంది: ఇప్పటి విలువలోంచి ఆరంభ విలువ తీసేసి, దాన్ని లక్ష్యానికీ ఆరంభానికీ మధ్య ఉన్న తేడాతో భాగించాలి. ఆరంభం 20 అని పెడితే మైనస్ 6ను మైనస్ 12తో భాగించినట్లు, 50 శాతం వస్తుంది. సున్నా అయితే 14ను 8తో భాగించినట్లు, 175 వస్తుంది.

పరిష్కారం: ఆరంభ విలువ నింపండి, తగ్గాల్సిన అంకె అని గుర్తు పెట్టండి. కొనే ముందు ఉచితంగా వాడి చూసే గడువులోనే ఈ 20, 8, 14 అంకెలు వేసి చూడండి. 50 రాకపోతే ఎందుకు రాలేదో అమ్మేవారిని అడగండి. వారి ప్రతినిధి తడుముకుంటే అక్కడితో ఆగిపోవచ్చు.

ఇదే కోవలో ఇంకొకటి ఉంది. ఒక లక్ష్యం కింద రెండు కీలక ఫలితాలు ఉంటాయి. ఒకటి నూరు శాతం, ఇంకొకటి సున్నా. పైన 50 శాతమని పచ్చగా వెలుగుతుంది. సగటు అంకెను సమావేశంలో చూపించకండి, విడివిడిగానే చూపించండి.

లక్షణం: ఎవరూ అప్‌డేట్ చేయడం లేదు

అందరూ ముందు సిబ్బంది బద్ధకాన్ని తిడతారు. చిత్తూరు వైపు ఒక యూనిట్‌లో షిఫ్టు సూపర్‌వైజర్‌ను మేనేజర్ నా ముందే నిలదీశాడు, మూడు వారాలుగా ఎందుకు నింపలేదని. అతను నూనె మరకలున్న పొడుగు రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. తేదీ, బ్యాచ్ నంబరు, బ్రిక్స్ (గుజ్జు తీపి కొలత), డ్రమ్ముల సంఖ్య, పక్కన సంతకం. ఒక్క పూట కూడా తప్పలేదు. "రోజూ రాస్తూనే ఉన్నాను కదా సార్. మెయిల్‌కు కోడ్ పంపామంటుంది, నాకు కంపెనీ మెయిలే లేదు. ఎక్కడ చూసుకునేది?" మేనేజర్ దగ్గర జవాబు లేదు.

కారణాలు వెతికితే సాధారణంగా ఇవే తేలతాయి. అంకె ఇప్పటికే ఒకచోట ఉంది, దాన్ని రెండోసారి రాయమంటున్నారు. లాగిన్ కష్టం. ఒక్కో కీలక ఫలితానికి ముగ్గురు బాధ్యులని రాశారు, అంటే ఎవరూ బాధ్యులు కారు. అన్నిటికన్నా పెద్ద కారణం, నింపిన అంకెను సోమవారం సమావేశంలో ఎవరూ తెరిచి చూడరు. చూడని అంకెను జనం నింపరు, అది సహజం.

పరిష్కారం: ప్రతి కీలక ఫలితానికి ఒక్క పేరే రాయండి. ఉత్పత్తి స్థలంలోని వారికి లాగిన్ ఇవ్వకండి. రిజిస్టర్ పేజీని వారానికోసారి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి, ఆఫీసులో ఒకరు ఎక్కిస్తారు. లైసెన్సులూ తగ్గుతాయి. టాలీలోనో మరో ప్యాకేజీలోనో ఉన్న అంకెలను షీటులోకి దించి, అక్కడి నుంచి లాక్కునే సాఫ్ట్‌వేర్ అయితే ఇంకా తేలిక. సమావేశాన్ని మాత్రం తెర మీద డాష్‌బోర్డు తెరిచే మొదలుపెట్టండి. నెల రోజులు ఇలా చేసినా ఎవరూ నింపకపోతే, అప్పుడు సాఫ్ట్‌వేర్‌ను అనుమానించండి.

లక్షణం: అన్నీ పూర్తయ్యాయి, ఏమీ మారలేదు

కొత్త వెబ్‌సైట్ తయారైంది, శిక్షణ తరగతులు జరిగాయి, బ్రోచర్ అచ్చయింది. అన్నీ నూరు శాతమే. బుకింగులు మాత్రం పోయిన ఏడాది ఎంతో ఇప్పుడూ అంతే. పనుల జాబితాను తెచ్చి కీలక ఫలితాల గడిలో పోశారు, అంతకు మించి ఏమీ లేదు. పనులను జిరా, ఆసనా లాంటి పనుల జాబితా సాఫ్ట్‌వేర్‌లో ఉంచుకోండి. కీలక ఫలితంగా "నేరుగా వెబ్‌సైట్ నుంచి వచ్చే బుకింగులు నెలకు 60 నుంచి 150కి" అని రాయండి. ఈ లోపాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు.

లక్షణం: అందరికీ నూటికి నూరు

జీతాల పెంపును దీనికి ముడిపెట్టారా? అయితే కారణం అదే. గూగుల్ తన ఓకేఆర్‌లకు సున్నా నుంచి ఒకటి వరకు మార్కులు వేస్తుంది. పెద్ద ఆశతో పెట్టుకున్న లక్ష్యాలకు 0.6, 0.7 వస్తే బాగా చేసినట్లే లెక్క. ఎప్పుడూ ఒకటే వస్తోందంటే లక్ష్యం చిన్నదని అర్థం. ఇంక్రిమెంటు పోతుందన్న భయం ఉన్న మనిషి పెద్ద లక్ష్యం ఎందుకు రాసుకుంటాడు? హెచ్‌ఆర్ ప్యాకేజీతో పాటు వచ్చే లక్ష్యాల విభాగాల్లో ఈ ముడి ముందే వేసి ఉండవచ్చు. అప్రైజల్‌లో దాని వెయిటేజీని సున్నా చేయండి. తప్పనిసరిగా చేయాల్సినవి, ఆశతో పెట్టుకున్నవి రెండు వేర్వేరు రకాలుగా గుర్తించండి.

లక్షణం: ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గీతలు

సాఫ్ట్‌వేర్‌లో చక్కగా కనిపించిన తెలుగు, సీఎస్‌వీ ఫైలుగా దించుకుని ఎక్సెల్‌లో తెరిస్తే అర్థం కాని గుర్తులుగా మారుతుంది. డేటా పాడైందని కంగారు పడకండి. ఫైలు యూటీఎఫ్-8 అనే అక్షర సంకేతంలోనే ఉంటుంది, దాన్ని ఎక్సెల్ వేరే సంకేతంగా చదువుతోంది. ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరవడం మానేయండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి తెచ్చుకునే బటన్ నొక్కి, సంకేతం దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. గూగుల్ షీట్స్‌లోకి దిగుమతి చేసుకున్నా సరిగానే వస్తుంది. పీడీఎఫ్‌లో ఒత్తులు విడిపోతుంటే మాత్రం అది ఆ సాఫ్ట్‌వేర్ లోపం. అందులో మీరు చేయగలిగింది లేదు. బ్రౌజర్ నుంచే ప్రింట్ తీసుకుని పీడీఎఫ్ చేసుకోండి.

లక్షణం: చెప్పిన ధర ఒకటి, వచ్చిన బిల్లు ఇంకొకటి

మనిషికి ఇంత అని వెబ్‌సైట్‌లో ఉన్న ధర చాలాచోట్ల ఏడాది మొత్తం ఒకేసారి కడితే వర్తించేది. కనీసం ఇంతమందికి కొనాలన్న షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆపైన 18 శాతం జీఎస్టీ. డాలర్లలో కడితే కార్డు బ్యాంకు మారకపు రుసుము. విదేశీ సంస్థకు మీ జీఎస్టీ నంబరు ఇస్తే పన్నును రివర్స్ ఛార్జ్ కింద మీరే కట్టి క్రెడిట్ తీసుకోవచ్చు. మీ ఆడిటర్‌ను ఒకసారి అడగండి.

నెలనెలా కార్డు నుంచి పోవాల్సిన చందా ఒక నెల ఆగిపోయి ఖాతా స్తంభించిందంటే, మొత్తం రూ. 15,000 దాటిందేమో చూడండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం సాధారణంగా ఆ పరిమితి దాటిన ఆటోమేటిక్ చెల్లింపుకు ప్రతిసారీ ఓటీపీ లాంటి అదనపు అనుమతి కావాలి. కొత్తగా నలుగురిని చేర్చుకున్న నెలలోనే ఇది బయటపడుతుంది.

ముప్పై మందిలోపు సంస్థ అయితే అసలు ఈ బిల్లు అవసరమా అన్నది నా సందేహం. గూగుల్ షీటులో ఎనిమిది నిలువు వరుసలు చాలు: లక్ష్యం, కీలక ఫలితం, బాధ్యుడు, ఆరంభం, లక్ష్య విలువ, ఇప్పటి విలువ, చేరగలమన్న నమ్మకం ఎంత, చివరిసారి నింపిన తేదీ. ఒక సీజను అందులో నడిపాక ఎక్కడ ఇబ్బంది పడ్డారో రాసి పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ చూపించడానికి వచ్చేవారి ముందు ఆ కాగితమే పెట్టండి.

లక్షణం: సాఫ్ట్‌వేర్ మూసేస్తున్నామని మెయిల్

చిన్న కంపెనీలకే ఇలా జరుగుతుందని అనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ 2021లో ఆల్లీ అనే ఓకేఆర్ సంస్థను కొని, దాన్ని వివా గోల్స్‌గా తీర్చిదిద్ది, 2025 డిసెంబర్ 31తో ఆపేసింది. పెద్ద పేరు చూసి కొన్నవారు కూడా కొత్తది వెతుక్కోవలసి వచ్చింది.

ఇలాంటి మెయిల్ వస్తే ముందు మీ డేటా ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) తీసుకోండి, కొత్తది వెతకడం తర్వాత. ఎగుమతిలో ఇప్పటి అంకెలు మాత్రమే ఉన్నాయా, వారం వారం నింపిన చరిత్ర, దాని పక్కన రాసిన వ్యాఖ్యలు కూడా ఉన్నాయా అని తెరిచి చూడండి. వ్యాఖ్యలు రాకపోతే స్క్రీన్‌షాట్లైనా తీసి పెట్టుకోండి. "జూన్ రెండో వారం వర్షానికి కాయ రాలేదు" అన్న వాక్యం విలువ వచ్చే ఏడాది లక్ష్యం రాసేటప్పుడు తెలుస్తుంది. మెయిల్ రాని వారు కూడా నెలకోసారి ఎగుమతి తీసి సొంత కంప్యూటర్‌లో పెట్టుకోవాలి. ఉచిత గడువులోనే ఆ బటన్ ఒకసారి నొక్కి చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అది ఖరీదైన ప్లానులో మాత్రమే పనిచేస్తుంది.