రెక్కల పురుగుల పెంపకం – 3వ పాఠం: ముందు మొక్క, తర్వాత పురుగు

పోయిన పాఠంలో గుడ్ల దగ్గర ఆగాం. ఆముదపు ఆకు మీద దాసరి పురుగు విడివిడిగా పెట్టే గుడ్లకూ, లద్దె పురుగు నూగు కప్పి కుప్పగా పెట్టే గుడ్లకూ తేడా చూశాం. ఇక గుడ్డులోంచి బయటపడ్డ పిల్లపురుగు సంగతి.

రాత్రి వీధిదీపం కింద రెక్కల పురుగులకు ఫొటోలు తీయడం సరదాగానే ఉంటుంది. కానీ అది ఏం తిని పెరిగిందో ఆ ఫొటో చెప్పదు. అందుకు మొక్క దగ్గరకే వెళ్లాలి. నువ్వు చేలో ఒక రకం, చిలగడదుంప తీగ మీద మరో రకం, మునగ మాను మీద గుంపులుగా గొంగళ్లు. వీటిలో గొంగళ్లను మాత్రం చేత్తో ముట్టుకోవద్దు, దురద పుడుతుంది.

కొత్తవారికి నేను చెప్పేది గన్నేరు హాక్ మాత్ అనే రెక్కల పురుగు. శాస్త్రీయ నామం డాఫ్నిస్ నీరియై. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు దీని ఆహారం. కోనసీమలో పూజపూల కోసం నందివర్ధనం పెంచని పెరడు అరుదు కనుక వెతుకులాట ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

ముందు చెట్టు కింద ఊడ్చిన నేల చూడండి. మిరియాలంత లద్దెలు (పురుగు రెట్టలు), పక్కలకు గాడులతో, రాలి ఉంటే సరిగ్గా వాటి పైనున్న కొమ్మలో ఎదిగిన పురుగు ఉన్నట్టే. అయినా ఒక పట్టాన కనబడదు. ఆకుపచ్చ ఒళ్లు, తోక దగ్గర చిన్న కొమ్ము. బెదిరితే తల ముడుచుకుంటుంది. అప్పుడు మెడ వెనక నల్లటి అంచున్న రెండు నీలి కళ్లు తెరుచుకుంటాయి. అవి కళ్లు కావు, పక్షులను బెదిరించే మచ్చలు. అప్పుడే పుట్టిన పిల్ల పసుపుపచ్చగా, ఒంటికి మించిన సన్నని నల్ల కొమ్ముతో ఉంటుంది. రెండూ ఒకటేనంటే మొదట ఎవరూ నమ్మరు.

పురుగును లాగకండి, కొమ్మతో సహా కోయండి. ఏ మొక్క మీద దొరికితే ఆ మొక్క ఆకే చివరిదాకా పెట్టండి. కొమ్మను నీళ్ల సీసాలో నిలబెట్టి సీసా మూతిని దూదితో బిగించండి, లేకపోతే పురుగు కిందికి దిగి మునిగిపోతుంది. గన్నేరు పాలు విషం, చేతులు కడుక్కోవాలి. మన గాలిలో తేమ ఎక్కువ కనుక రోజూ లద్దెలు తీసేయకపోతే బూజు పడుతుంది.

మేత మానేసి కదలకుండా ఉంటే జబ్బు అనుకుని కదిలించకండి. కుబుసం విడవబోతోంది. ఒంటి మీద చిన్న తెల్లని గూళ్లు కనబడితే మాత్రం ఆశ వదులుకోవాలి. అవి దాని లోపల పెరిగిన పరాన్న కందిరీగలవి.

దాదాపు 7 సెంటీమీటర్లు దాటాక ఒకరోజు పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరుగుతుంది, ఆకు వదిలి నేల మీద తిరుగులాడుతుంది. అప్పుడు డబ్బాలో ఎండుటాకులు, కొంచెం తడి మన్ను వేయండి. ఆకుల మధ్య పలచటి గూడు అల్లుకుని ప్యూపాగా, అంటే రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశకు, మారుతుంది.

నాలుగో పాఠం ప్యూపా గురించి. కొండల్లో మద్ది చెట్ల మీద బతికే దసలి పట్టుపురుగు దీనిలా నేలకు దిగదు, గూటికి కాడ అల్లి కొమ్మకే కట్టుకుంటుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఈలోగా మీ పెరట్లో ఏ మొక్క కింద లద్దెలు దొరికాయో తేదీతో సహా రాసి ఉంచండి.