తాతగారు బిలియర్డ్స్ ఛాంపియనేనా? ఇంటి మాటను ఆధారాలతో తేల్చుకునే పద్ధతి

"తాతగారు బిలియర్డ్స్ ఛాంపియన్" అన్న మాట ఇంట్లో ఎన్నేళ్లుగా వినబడుతున్నా, ఏ పోటీలో, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో అని అడిగితే చెప్పగలిగినవారు అరుదు. వెతుకులాటను ఆ మూడు ప్రశ్నలతోనే మొదలుపెట్టాలి. జాతీయ ఛాంపియన్ అని చెప్పుకుంటూ ఉంటే విషయం త్వరగానే తేలుతుంది, ఎందుకంటే జాతీయ విజేతల జాబితా అందుబాటులో ఉంది. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ టైటిల్ గెలిచిన విల్సన్ జోన్స్ పేరే బిలియర్డ్స్ జాబితాలో 12 సార్లు కనిపిస్తుంది. అందులో తాతగారి పేరు లేనంత మాత్రాన కథ కల్పితమని తీర్మానించకూడదు. మన ప్రాంతంలో ఈ ఆట ఎక్కువగా క్లబ్బుల్లో, రైల్వే ఉద్యోగుల వినోద కేంద్రాలైన రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో సాగింది గనుక, ఆయన గెలుపు కూడా ఆ గోడల మధ్యదే అయి ఉండవచ్చు.

పెద్దవాళ్లను "ఆయన గెలిచారా?" అని కాకుండా "మీరు కళ్లారా చూసిందేమిటి?" అని అడగండి. చిన్నప్పుడు తాతగారి వెంట క్లబ్బుకు వెళ్లిన బాబాయి ఉంటే, బల్ల మీద ఎన్ని బంతులుండేవో గుర్తు చేసుకోమనండి. మూడే అయితే బిలియర్డ్స్. పదిహేను ఎర్రబంతులతో పాటు వేరే రంగులవీ ఉంటే స్నూకర్. రెండింటి పోటీలూ, జాబితాలూ వేరు.

అటక మీద కప్పు దొరికితే చింతపండు పెట్టి తోమవద్దు. పూత అరిగితే దానితోపాటు అక్షరాలూ పోతాయి. చీకటి గదిలో టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీస్తే, మామూలు వెలుతురులో కనబడని గీతలు కూడా నీడతో తేలి వస్తాయి. "రన్నర్స్ అప్", "హ్యాండికాప్" అన్న మాటల కోసం ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే మొదటిది రెండో స్థానాన్ని సూచిస్తుంది, హ్యాండికాప్ పోటీలో బలహీనుడికి ముందే కొన్ని పాయింట్లు ఇస్తారు. పెద్ద ఆటగాణ్ని ఓడించారన్న కథల వెనుక ఇలాంటి ఆట ఉందేమో పరిశీలించడం న్యాయం.

పత్రికలు వెతికేముందు రాష్ట్రాల చరిత్ర గుర్తుంచుకోవాలి. 1953 అక్టోబరుకు ముందు కాకినాడలో ఆడినవారి వివరాలను మద్రాసు రాష్ట్రపు వార్తల్లో వెతకాలి; "ఆంధ్రప్రదేశ్ ఛాంపియన్" అన్న బిరుదు 1956 నవంబరు 1కి ముందు ఉండే అవకాశమే లేదు. వేటపాలెంలోని సారస్వత నికేతనం, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయం పాత సంచికలకు మంచి చోట్లు. ఇంగ్లీషు పత్రికల్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగానే మిగులుతుంది, "రావు" స్పెల్లింగు కూడా రకరకాలుగా ఉంటుంది కాబట్టి అన్ని రూపాల్లోనూ వెతకండి.

క్లబ్బు కార్యదర్శికి ఉత్తరం రాసి, బిలియర్డ్స్ గదిలోని విజేతల బోర్డు ఫొటో తీసుకోవడానికి అనుమతి అడగండి. దీన్ని వాయిదా వేయవద్దు: 2022 జనవరిలో సికింద్రాబాద్ క్లబ్బు పాత భవనం అగ్నికి ఆహుతైంది. సభ్యుల జాబితాలో ఆయన పేరు లేకపోతే, మార్కర్‌గా పనిచేశారేమో తప్పక అడగండి. స్కోరు లెక్కపెడుతూ, సభ్యులకు ఆట నేర్పుతూ రోజంతా బల్ల దగ్గరే గడిపే మార్కర్లలో గొప్ప ఆటగాళ్లుండేవారు. కానీ సభ్యుల పోటీల్లో వారికి చోటుండదు, బోర్డు మీద వారి పేరూ ఎక్కదు. అలాంటి తాతగారి కోసం వెతకవలసింది విజేతల బోర్డులో కాదు, క్లబ్బు జీతాల పుస్తకంలో.