పాత బెంజ్ మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి? నెల్లూరు ఎండలో, ఉప్పు గాలిలో తిరిగే ఇ-క్లాస్ సమస్యలు, పరిష్కారాలు

నా దగ్గర ఉన్నది 2001 మోడల్ మెర్సిడెస్ ఇ 220 సీడీఐ, అంటే డీజిల్ ఇ-క్లాస్. కంపెనీ లెక్కలో ఈ మోడల్ పేరు డబ్ల్యూ210. 1995లో మొదలై 2002 దాకా వచ్చిన సెడాన్ ఇది. మా నెల్లూరు వైపు రొయ్యల డబ్బు బాగా ఆడిన రోజుల్లో కొన్న ఇలాంటి బండ్లు ఇప్పటికీ కొన్ని ఇళ్ల ముందు టార్పాలిన్ కింద కనిపిస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనడం తేలికే. కొన్నాక ప్రతి చిన్న పనికీ చెన్నై తీసుకెళ్లాలంటే పోనూ రానూ 350 కిలోమీటర్లు. అందుకే పని నేర్చుకున్నాను.

ఇన్నేళ్లలో నాకు అర్థమైన వరుస ఒకటే: ముందు రబ్బరు చూడాలి, తర్వాత వైరు, కంప్యూటర్ డబ్బా చిట్టచివర. పాతికేళ్ల బండిలో ఖరీదైన పంపు పోయే లోపు దాని పక్కనున్న చిన్న సీలు పదిసార్లు పోతుంది. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టగానే వచ్చిన కోడ్ చూసి ఆ భాగం మార్చేయడం వల్లే ఈ బండ్లకు చెడ్డపేరు వచ్చిందని నా నమ్మకం.

పనికి దిగే ముందు ఒక్క మాట. బండి కిందికి దూరాలంటే జాకీ ఒక్కటే చాలదు, స్టాండ్లు పెట్టాలి. చీమకుర్తి గ్రానైట్ ముక్కలు మన దగ్గర ఇంటింటా దొరుకుతాయి కాబట్టి చాలామంది వాటినే చక్రాల దగ్గర ఆనిస్తారు. రాయి కనిపించని చోట చీలి ఉంటే ఒక్కసారిగా విరుగుతుంది. ఇటుకలైతే ఇంకా ప్రమాదం. దయచేసి ఆ పని చేయకండి.

పొద్దున్నే సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కాదు, ఒకసారి స్టార్ట్ అయితే రోజంతా బాగుంటుంది

సీడీఐ బండ్లలో ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. బ్యాటరీ బాగుంటుంది, సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం పది పదిహేను సెకన్ల దాకా అందుకోదు. ఇది విన్న మెకానిక్ సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు గానీ హై ప్రెషర్ పంపు గానీ మార్చాలంటాడు. నాకూ ఒకచోట అదే చెప్పారు. చెప్పిన ఖర్చుకు ఇంకో పాత బండి వచ్చేది.

బానెట్ తీసి డీజిల్ ఫిల్టర్ చుట్టూ చూడండి. అక్కడి నుంచి పంపుకు వెళ్లే ప్లాస్టిక్ పైపులు పారదర్శకంగా ఉంటాయి. లోపల డీజిల్ కదలడం కంటికి కనిపిస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ పైపుల్లో గాలి బుడగలు వరుసగా పోతున్నాయా? అయితే మీ సమస్య దొరికినట్టే. పైపు కొసల్లో ఉండే ఓ-రింగులు, అంటే గుండ్రటి రబ్బరు సీళ్లు, ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి చదునైపోతాయి. డీజిల్ బయటికి కారకపోవచ్చు, కానీ రాత్రంతా ఆ సందుల్లోంచి గాలి లోపలికి దూరి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టినంతసేపూ పంపు ఆ ఖాళీని నింపుకుంటూ ఉంటుంది.

ఖాయం చేసుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. రాత్రి బండిని వాలు మీద, ముక్కు కిందికి ఉండేలా నిలపండి. పొద్దున వెంటనే స్టార్ట్ అయితే డీజిల్ వెనక్కి జారడమే కారణం.

ఓ-రింగులు మార్చేటప్పుడు పక్క కొట్లో దొరికే మామూలు నల్ల రబ్బరువి వేయకండి. వాటిలో చాలావరకు డీజిల్‌లో నాని ఉబ్బిపోతాయి. డీజిల్‌ను తట్టుకునే విటాన్ రకం అడిగి తీసుకోవాలి. పైపుల లాకు క్లిప్పులు పాతబడి పెళుసుగా ఉంటాయి కాబట్టి స్క్రూడ్రైవర్‌తో బలంగా తన్నకుండా, కొద్దిగా డీజిల్ రాసి మెల్లగా కదిలించండి. ఒక్క రింగు మార్చి ఊరుకోవద్దు. అన్నీ ఒకే వయసువి, ఈ నెల ఒకటి పోతే వచ్చే నెల ఇంకొకటి పోతుంది. ఫిల్టర్ కూడా అప్పుడే మార్చి, కొత్తదాన్ని శుభ్రమైన డీజిల్‌తో నింపి బిగిస్తే గాలి త్వరగా పోతుంది. సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి ఏకబిగిన కొట్టకండి, మధ్యలో చల్లారనివ్వండి.

ఒక హెచ్చరిక. పారదర్శకంగా ఉండేవి తక్కువ ప్రెషర్ పైపులు. ఇంజెక్టర్లకు వెళ్లే ఇనుప పైపుల్లో ప్రెషర్ 1350 బార్ దాకా ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా వాటి నట్టు వదులు చేసినా, లీకు ఎక్కడుందోనని వేలు పెట్టి వెతికినా డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరుతుంది. అలా జరిగితే చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఎండలో నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది, అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది

రోహిణి కార్తెలో ఒంగోలు నుంచి నెల్లూరు వస్తూ హైవే పక్కన బానెట్ తెరిచి నిలబడ్డ బండ్లలో ఈ రకం చాలా ఉంటాయి. డీజిల్ అయిపోయినట్టు టక్కున ఆగుతుంది. చల్లారాక ఏమీ జరగనట్టు నడుస్తుంది. మెకానిక్ దగ్గరికి చేరేసరికి అంతా బాగుంటుంది కాబట్టి ఆయనకు ఏమీ దొరకదు.

ముందుగా అనుమానించాల్సింది క్రాంక్ సెన్సార్‌ను. ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ కలిసే చోట ఒక్క బోల్టుతో ఉంటుంది. లోపల సన్నని తీగ చుట్ట. పాతబడ్డాక వేడికి ఆ చుట్ట తెగినట్టయి, చల్లారితే మళ్లీ కలుస్తుంది. ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది అదే. అది చెప్పకపోతే కంప్యూటర్ డీజిల్ ఆపేస్తుంది. బండి ఆగిపోయిన ఆ క్షణంలోనే స్కానర్ పెట్టి సెల్ఫ్ కొట్టి చూడండి. లైవ్ రీడింగ్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తే సెన్సార్ గానీ దాని వైరు గానీ పోయినట్టే. స్కానర్ లేకపోతే సెన్సార్ మీద కొద్దికొద్దిగా చల్లటి నీళ్లు పోయండి. వెంటనే స్టార్ట్ అయితే అనుమానం బలపడుతుంది.

మార్చేటప్పుడు కొత్తదాని కేబుల్ పాతది వెళ్లిన దారిలోనే వెళ్లాలి. వేడి పైపులకు తగిలితే ఏడాది తిరక్కుండానే మళ్లీ అదే కథ. ఈ సెన్సార్ ఇంకా పోకపోయినా ఒకటి కొని డిక్కీలో పెట్టుకోమంటాను.

టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, ఏసీ వేస్తే ఇంకా పెరుగుతోంది

ఇక్కడ తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. కొన్న కొత్తలో కనిగిరి వైపు వెళ్లినప్పుడు కూలెంట్ తగ్గిందని లైటు వెలిగింది. రోడ్డు పక్క బోరు దగ్గర బాటిల్ నింపి పోసేశాను. తర్వాత కూడా రెండు మూడుసార్లు అదే పని. ఆ చుట్టుపక్కల మండలాల్లో బోరు నీళ్లు ఎంత ఉప్పుగా, ఎంత గట్టిగా ఉంటాయో బిందె అడుగున పేరుకునే తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. రేడియేటర్ పని చేసే పెద్దాయన దాన్ని విప్పి చూపించి, "బోరు నీళ్లు పోశావా అబ్బాయ్, మా ఇంట్లో వేడినీళ్ల హీటర్ కూడా ఇట్టనే ఉంటది" అన్నాడు. ఆ మాట మరిచిపోలేదు.

చూడాల్సిన వరుస చెబుతాను. మొదట బయటి మురికి. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో పురుగులు, దూది, దుమ్ము దుప్పటిలా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. పైన టార్చి వేసి సందులోకి చూడాలి. నీళ్లు కొట్టేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కొట్టాలి. వాటర్ సర్వీస్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

తర్వాత ఫ్యాన్లు. ఏసీ వేసి ముందున్న ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. హైవే మీద ముల్లు బాగుండి, ట్రాఫిక్‌లో ఆగినప్పుడే పెరిగితే ఫ్యాన్ తప్పు. హైవే మీద వేగంగా పోయేటప్పుడే పెరిగితే రేడియేటర్ లోపల మూసుకుపోయినట్టు. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే సగం ఖర్చు తగ్గుతుంది.

దీనికి తిరగబడ్డ లక్షణం కూడా ఉంది. గంట నడిపినా ముల్లు 60 దగ్గరే ఉంటే మంచిదేనని చాలామంది సంతోషిస్తారు. అది థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వ్, తెరుచుకునే ఉండిపోవడం. ఇంజిన్ ఉండాల్సిన వేడి 80 నుంచి 90 డిగ్రీల మధ్య. అంతకంటే చల్లగా నడిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఇంజిన్ కూడా త్వరగా అరుగుతుంది.

నింపేటప్పుడు మెర్సిడెస్ 325.0 స్పెసిఫికేషన్ ఉన్న కూలెంట్ సగం, బ్యాటరీ వాటర్ సగం కలపండి. రంగు చూసి కొనకండి, డబ్బా వెనక ఆ నంబరు ఉందో లేదో చూడండి. వేడి మీద మూత మాత్రం తీయొద్దు.

గేర్లు మారడం మానేసి ఒకే గేర్‌లో ఈడుస్తోంది

ఏదైనా లోపం కనిపిస్తే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తనను తాను కాపాడుకోవడానికి రెండో గేర్‌లో ఉండిపోతుంది. బండి ఆపి, తాళం తీసి మళ్లీ వేస్తే కొన్నిసార్లు మామూలవుతుంది. "గేర్‌బాక్స్ పోయింది" అన్న మాట నమ్మేముందు గేర్‌బాక్స్ పక్కన, కుడివైపు ఉండే గుండ్రటి 13 పిన్నుల ప్లగ్ చూడండి. దాని చుట్టూ ఎర్రటి నూనె తడి ఉంటే లోపలి ఓ-రింగులు పోయాయన్నమాట. ఆ నూనె వైరు లోపల పాకుకుంటూ బానెట్ కిందున్న గేర్ కంప్యూటర్ దాకా ఎక్కుతుంది. ప్లగ్ అడాప్టర్ కొత్తది వేసి, కంప్యూటర్ వైపు కనెక్టర్ విప్పి కాంటాక్ట్ క్లీనర్‌తో కడగాలి. అడాప్టర్ ధర చాలా తక్కువ.

నూనె మట్టం కొలవడానికి ఈ బండిలో మామూలు పుల్ల ఉండదు. విడిగా కొన్న కొలత పుల్లతో, గేర్‌బాక్స్ 80 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. నూనె 236.14 స్పెసిఫికేషన్‌ది. జీవితకాలం మార్చనక్కర్లేదనే మాట పట్టించుకోవద్దు. మన ఎండల్లో 60,000 కిలోమీటర్లకు ఫిల్టర్‌తో సహా మార్చడం నేను పెట్టుకున్న నియమం.

ఇంజిన్‌లో 'టుస్ టుస్' శబ్దం, క్యాబిన్‌లో పొగ వాసన

పై కవర్ తీయండి. ఇంజెక్టర్ మొదట్లో తారు పోసినట్టు నల్లగా గడ్డకట్టి ఉంటే కింద రాగి వాషర్ లీకవుతోంది. మొదట్లోనే పట్టుకుంటే వాషర్, కొత్త బోల్టు, శుభ్రం చేసుకున్న సీటు, అంతే. పాత బోల్టు మళ్లీ వాడకూడదు, అది ఒకసారి సాగి బిగిసే రకం. తారు ఇంజెక్టర్‌ను పూర్తిగా కప్పేసి ఉంటే మాత్రం మీరే లాగకండి. బోల్టు లోపల విరిగితే హెడ్డు దాకా వస్తుంది. ఆ పని చేసే పరికరాలున్న చోటికే తీసుకెళ్లండి.

గుంతలో పడితే ముందు చక్రం దగ్గర 'కటక్'మంటోంది

ఈ వ్యాసం అంతటిలో తప్పక చదవాల్సింది ఇదే అనుకోండి. డబ్ల్యూ210కు తుప్పు పెద్ద శత్రువని ప్రపంచమంతా తెలుసు. ముందు స్ప్రింగ్ పై కొస ఆనుకునే గిన్నెలాంటి ముక్కను బాడీకి స్పాట్ వెల్డ్ చేసి ఉంటారు. ఆ అతుకు సందులో పూసిన సీలెంట్ పగిలితే తడి లోపల చేరి, బయటికి కనిపించకుండా తింటుంది. చివరికి గిన్నె ఊడి స్ప్రింగ్ బయటికి తన్నుకొస్తుంది, చక్రం మీద బండి కూలబడుతుంది. ఆ సమయంలో మీరు వంద మీద హైవేలో ఉండొచ్చు.

మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉండేవాళ్లకు గాలే ఉప్పు. రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే బండ్లకు కింద నుంచి ఉప్పు బురద కూడా తోడవుతుంది. ఆరు నెలలకోసారి ముందు చక్రాలు విప్పండి. స్ప్రింగ్ పైభాగం కడిగి ఆరబెట్టి టార్చి వేసి చూడండి. సీలెంట్ ఉబ్బి ఉన్నా, చీలిక వెంట ఎర్రటి నీటి చార కనిపించినా స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. గట్టి ఇనుమైతే టంగుమంటుంది. పొరలుగా రాలితే ఆ రోజు నుంచి బండి నడపకండి.

బాగుచేయడం ఇంట్లో అయ్యే పని కాదు. స్ప్రింగ్‌ను నొక్కి బయటికి తీయాలి, గిన్నె మార్చాలి, మంచి ఇనుము కనిపించేదాకా కోసి కొత్తగా వెల్డింగ్ చేయాలి. పైన పుట్టీ పూసి నల్ల రంగు కొట్టి ఇస్తామనే టింకరింగ్ షాపుకు ఇవ్వొద్దు. మీరు చేయాల్సింది ముందు జాగ్రత్త: సముద్రం వైపు వెళ్లొచ్చిన మర్నాడు కింది భాగం మంచినీళ్లతో కడగడం, ఏటా వానలకు ముందు క్యావిటీ వ్యాక్స్ (బాడీ సందుల్లోకి కొట్టే, తుప్పును ఆపే మైనం) కొట్టడం. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి కదా. ఆ తేదీకి ఏడాది ముందే ఈ పరీక్ష పెట్టుకుంటే ఆఖరి నిమిషం టెన్షన్ ఉండదు.

తుఫాను తర్వాత కాళ్ల కింద కార్పెట్ తడిగా ఉంది

మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వేపచెట్టు కింద బండి పెట్టేవాళ్లకు ఇది ఖాయం. అద్దం కింద వైపర్ల దగ్గరున్న నీటి దారుల్లో, సన్‌రూఫ్ మూలల గొట్టాల్లో ఆకులు చేరి మూసుకుపోతాయి. నీళ్లు క్యాబిన్‌లోకి దిగుతాయి. సెప్టెంబరులోనే ఆకులు తీసి, మగ్గుతో నీళ్లు పోసి చక్రాల వెనక నుంచి కారుతున్నాయో లేదో చూసుకోండి. గొట్టాల్లోకి ఇనుప తీగ దోపకండి, లోపల ఊడిపోతే పైకప్పు విప్పాలి. మెత్తటి నైలాన్ తీగ చాలు.

కార్పెట్ తడిస్తే పైపైన ఎండబెట్టి లాభం లేదు. కింది నురుగు నెలల తరబడి తడి పట్టుకుని ఉంటుంది, కనెక్టర్లు పచ్చబడతాయి. సీట్లు విప్పి కార్పెట్ బయటికి తీయాల్సిందే.

2021 నవంబరులో పెన్న పొంగినప్పటిలా బండి చుట్టూ నీళ్లు నిలిస్తే, నీళ్లు దిగాక కూడా సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు బ్యాటరీ తీగ తీసేయండి, ఎయిర్ ఫిల్టర్ విప్పి తడి ఉందేమో చూడండి. తడి ఉంటే బండిని లారీ మీదే పంపాలి.

రెండు రోజులు కదపకపోతే బ్యాటరీ డౌన్

బండి లాక్ చేసి అరగంట ఆగి, బ్యాటరీ మైనస్ తీగలో మీటర్ పెట్టి కొలవండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోండి, ఏ ఫ్యూజు తీస్తే రీడింగ్ పడిపోతుందో దొంగ ఆ లైన్లోనే ఉన్నట్టు. తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్‌తో మొదలుపెడితే చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

విడిభాగాలకు ఆర్డర్ పెట్టేటప్పుడు 17 అక్షరాల ఛాసిస్ నంబరు చెప్పి, పాత భాగం మీది నంబరుతో పోల్చుకోండి. చెన్నై పుదుపేటలో పాత విడిభాగాలు దొరుకుతాయి. తలుపు హ్యాండిళ్లు, అద్దాలు, స్విచ్‌లు అక్కడ తెచ్చుకోవచ్చు. సెన్సార్లు, రబ్బరు సీళ్లు, బ్రేకుకు సంబంధించినవి మాత్రం కొత్తవే కొనండి.