ఏళ్ల తర్వాత హనీమూన్‌కి బొంబాయి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

మన దగ్గర పెళ్లయిన వారంలోనే హనీమూన్‌కి వెళ్లేవాళ్లు పెరిగారు. కానీ వెళ్లలేక ఆగిపోయిన జంటలు ఇంటింటికీ ఉన్నాయి. పెళ్లి అప్పు తీరాలి, పత్తి ఏరడం అయిపోవాలి, అత్తమ్మకు మోకాలి ఆపరేషన్, ఆయనకు దుబాయ్ వీసా, ఆమెకు డీఎస్సీ కోచింగ్, అంతలో బిడ్డ. చూస్తుండగానే ఏళ్లు దాటిపోతాయి. హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు నాకు తెలిసిన ఇట్లాంటి జంటల్లో చాలామంది చివరికి బొంబాయినే ఎంచుకున్నారు. సముద్రం ఉంది, నేరుగా రైలు ఉంది, ఖర్చు మన చేతిలో ఉంటుంది. మంచి ఎంపికే. అయితే అది ఊపిరి సలపని ఊరు. కొన్ని సంగతులు ముందే మాట్లాడుకుని వెళ్తే గొడవ పడకుండా తిరిగొస్తారు.

ఈ ప్రయాణాలు ఎక్కువగా ఎక్కడ చెడతాయో చెప్తాను. ఇన్నేళ్లు పోగొట్టుకున్నదంతా నాలుగు రోజుల్లో రాబట్టాలని చూస్తారు. పొద్దున గేట్‌వే ఆఫ్ ఇండియా, మధ్యాహ్నం సిద్ధివినాయక్ గుడి, సాయంత్రం జుహూ బీచ్, రాత్రి షాపింగ్ అని కాగితం మీద రాసుకుంటారు. గేట్‌వే నుంచి జుహూ పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర పైనే పట్టొచ్చు. రెండో రోజుకే కాళ్లు లాగుతాయి, మాట కరుకవుతుంది. "నీ వల్లే లేటైంది" అన్న ఒక్క మాట చాలు, పాత లెక్కలన్నీ బయటికొస్తాయి. అందుకే రోజుకు ఒక్క పెద్ద చోటు పెట్టుకోండి. మధ్యాహ్నం గదికొచ్చి పడుకోండి. చూడకుండా వదిలేసే చోట్లు ఏవో ఇంట్లో ఉన్నప్పుడే ఇద్దరూ కలిసి తేల్చుకోండి. అక్కడికి పోయాక తేల్చుకుందామంటే తేలదు.

ఇక కాలం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బొంబాయిలో వానలు. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. మన వరంగల్‌లో ఏడాదంతా పడే వానకు అది దగ్గరదగ్గర సమానం. ప్రతి ఏడాదీ అంత పడదు, అయినా గట్టి వానకు లోకల్ రైళ్లు ఆగిపోవడం అక్కడ మామూలే. సెలవు మళ్లీ దొరకదన్నవాళ్లు ఆ నెలలు వద్దనుకోవడమే మంచిది. వరికోతలు అయ్యాక, నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా మనకూ వీలు, అక్కడా వాతావరణం బాగుంటుంది. ఆ మధ్యలో సంక్రాంతి వారం, డిసెంబర్ 31 తప్పించండి. రెండేళ్లకోసారి మేడారం జాతర రోజుల్లో వరంగల్, కాజీపేట స్టేషన్లలో నిలబడే చోటు ఉండదు, అది కూడా క్యాలెండర్‌లో చూసుకోండి. వినాయక చవితి రోజుల బొంబాయి చూడదగ్గదే, కానీ ఇద్దరికే అని వెళ్లే ప్రయాణానికి ఆ జనం పనికిరాదు.

భువనేశ్వర్ నుంచి వచ్చే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వరంగల్, కాజీపేట మీదుగా బొంబాయి సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) స్టేషన్‌కు వెళ్తుంది. నిజామాబాద్ వైపు వాళ్లకు దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది, 120 రోజులనే పాత లెక్కలో ఉండకండి. తత్కాల్ కావాలంటే ఐఆర్‌సీటీసీ అకౌంట్‌కు ఆధార్ అనుసంధానం అయి ఉండాలి, ఆ పని ముందే చేసిపెట్టుకోండి. కోణార్క్‌లో వెళ్తే ఒక చిక్కుంది: తెల్లవారకముందే దించేస్తుంది. హోటళ్లలో చెక్-ఇన్ మధ్యాహ్నం 12కో 2కో. రాత్రంతా నిద్ర లేని మొహాలతో, పెట్టెల మీద కూర్చుని హనీమూన్ మొదలుపెట్టకండి. పొద్దున్నే గది ఇస్తారా అని హోటల్‌కు ఫోన్ చేసి అడగండి, లేదంటే కన్ఫర్మ్ టికెట్ పీఎన్ఆర్‌తో స్టేషన్‌లోనే రైల్వే వాళ్ల గది, రిటైరింగ్ రూమ్ బుక్ చేసుకోండి.

గది గురించి ఇంకొంచెం. నగరం దక్షిణాన కొలాబా, ఫోర్ట్ వైపు ఉంటే గేట్‌వే, సముద్రం ఒడ్డున ఉండే మెరీన్ డ్రైవ్ దగ్గర. గదులు చిన్నవి, రేటు ఎక్కువ. అంధేరీ వైపు కాస్త తక్కువకు దొరికినా రోజూ రానూపోనూ దారిలోనే గడిచిపోతుంది. నాలుగు రోజుల ప్రయాణమైతే డబ్బు కాస్త ఎక్కువైనా దగ్గర్లో ఉండటమే నయమని నా అభిప్రాయం, కావాలంటే ఒక రోజు తగ్గించుకోండి. హోటల్ నంబరు గూగుల్‌లో వెతికి కనిపించినదానికి డబ్బు పంపొద్దు. నకిలీ నంబర్లు, నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. మోసపోయామని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఆపే అవకాశం ఉంటుంది. ఇద్దరి గుర్తింపు కార్డులూ పెట్టుకోండి. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు తీసుకెళ్లండి. ఆమె ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉందని కంగారు పడాల్సిన పని లేదు. భార్యాభర్తలకు పెళ్లి సర్టిఫికెట్ చూపించాలన్న చట్టమేమీ లేదు. గదిలోకి వెళ్లగానే లోపలి గడియ పడుతోందా చూడండి. పొగ పసిగట్టే డబ్బా, గడియారం, మంచానికి ఎదురుగా ఉన్న ప్లగ్గులు, బాత్రూమ్ అద్దం మీద ఫోన్ టార్చ్ వేసి చూడండి. అనుమానం వస్తే మొహమాటపడకుండా గది మార్చమనండి.

లోకల్ రైలు మీద ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు భయపడేదీ, నిజంగా ఇబ్బంది పడేదీ దాని దగ్గరే. పొద్దున 8 నుంచి 11 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా ఎక్కొద్దు. మిగతా వేళల్లో హాయిగా వెళ్లొచ్చు. రైలు స్టేషన్‌లో అర నిమిషం కూడా ఆగదు. లేడీస్ డబ్బాలో మగవాళ్లు ఎక్కకూడదు, ఎక్కితే ఫైన్. ఆమెను లేడీస్‌లో ఎక్కించి తను జనరల్‌లో ఎక్కితే, ఎక్కడ దిగాలో ఇద్దరికీ స్టేషన్ పేరుతో సహా తెలిసుండాలి. స్లో రైలు అన్ని స్టేషన్లలో ఆగుతుంది, ఫాస్ట్ కొన్నింట్లోనే ఆగుతుంది. ఒకరు ఎక్కి ఒకరు కింద ఉండిపోతే ఏం చేయాలో రైలెక్కకముందే మాట అనుకోండి: ఎక్కినవాళ్లు ఆ బండి ఆగే తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి, వెనకబడినవాళ్లు అక్కడికి రావాలి. ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుంటూ ఎదురుబొదురు రైళ్లు ఎక్కితే గంటలు పోతాయి. కదులుతున్న బండి పట్టుకుని పరుగెత్తడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, ఎవరు రమ్మని చెయ్యి చాపినా వద్దు. ఏసీ లోకల్ తలుపులు మూసుకుంటాయి, టికెట్ ధర ఎక్కువైనా కొత్తవాళ్లకు అదే మేలు. 2025 అక్టోబర్‌లో కఫ్ పరేడ్ దాకా పూర్తయిన భూగర్భ మెట్రో కూడా సుఖం. ఆదివారాలు రిపేర్ల కోసం మెగాబ్లాక్ అని లోకల్ లైన్లలో రైళ్లు తగ్గిస్తారు, ఆ రోజు లోకల్ మీద ఆధారపడి ప్లాన్ వేయకండి.

ఆటోలు బాంద్రా, సయన్ దాటి నగరం దక్షిణ భాగంలోకి రావు. అక్కడ నల్ల-పసుపు టాక్సీలే. 2025 ఫిబ్రవరి నుంచి మీటరు మీద కనీస ఛార్జీ టాక్సీకి 31 రూపాయలు, ఆటోకు 26. మీటరు వేయనంటే ఇంకో బండి చూడండి, దొరుకుతుంది.

సముద్రం మనకు కొత్త. గోదావరి, లక్నవరం చూసిన కళ్లకు అల ఎంత దూరం వస్తుందో అంచనా దొరకదు. 2023 జూలైలో బాంద్రా బ్యాండ్‌స్టాండ్ దగ్గర రాళ్ల మీద భర్తతో కూర్చుని ఫోటో దిగుతున్న ఒకామెను అల లాక్కుపోయింది. పిల్లలు ఎదురుగానే ఉన్నారు. ఆయన పట్టుకున్నా ఆగలేదు. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు. జంటలు ఫోటో కోసం దిగేది సరిగ్గా అట్లాంటి రాళ్ల మీదికే కాబట్టి చెప్తున్నాను. పాచి పట్టిన రాయి, తడిగా ఉన్న రాయి ఎక్కొద్దు. మెరీన్ డ్రైవ్‌లో గోడ మీద కూర్చోవడం బాగుంటుంది, గోడ దాటి కింది సిమెంటు దిమ్మెల మీదికి దిగొద్దు. జుహూలో పాదాలు తడిస్తే చాలు. ఆ రోజు పోటు (సముద్రం నీళ్లు పైకి వచ్చే వేళ) ఎప్పుడో పొద్దున్నే ఫోన్‌లో చూసుకోండి. హాజీ అలీ దర్గాకు వెళ్లే దారి పోటు సమయంలో నీళ్లలో మునుగుతుంది, దాన్ని బట్టే వెళ్లాలి.

సముద్రంలో ఉన్న ఎలిఫెంటా గుహల ద్వీపానికి తప్పకుండా వెళ్లండి. సోమవారం గుహలు మూసి ఉంటాయి. గేట్‌వే నుంచి పడవలో గంట. 2024 డిసెంబర్ 18న అటు వెళ్తున్న పడవను నేవీ స్పీడ్ బోటు ఢీకొంటే పది మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. పడవ ఎక్కగానే జాకెట్ అడిగి తీసుకోండి, పట్టీలు బిగించుకోండి, చేతిలో పట్టుకుని కూర్చోవడం కాదు. జనం కిక్కిరిసి ఉంటే ఆ పడవ వదిలేసి తర్వాతది ఎక్కండి. అలలు ఎక్కువగా ఉన్నాయని పడవలు ఆపేస్తే ఆ రోజు మరో చోటు చూసుకోండి. ద్వీపంలో కోతులు చేతిలో తిండి లాక్కుంటాయి. మెట్లు వంద దాటుతాయి, ఎత్తు చెప్పులు వద్దు.

అంత జాగ్రత్తగా వెళ్లినందుకు లోపల ఫలితం ఉంది. అందరూ మూడు ముఖాల శివుడి దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. మీరు శివపార్వతుల కల్యాణం చెక్కిన చోట ఆగండి. పెళ్లికూతురి సిగ్గు ఆ రాతిలో ఇంకా తెలుస్తుంది. అదే గుహలో అర్ధనారీశ్వరుడు, కైలాసంలో పాచికలాడుతున్న ఆలుమగలు కూడా ఉన్నారు. విగ్రహాలు చాలాచోట్ల విరిగి ఉన్నాయి. రామప్ప గుడి నునుపు చూసి పెరిగిన మనకు మొదట మనసు చివుక్కుమంటుంది. కాసేపు నిలబడితే వాటి పరిమాణం అర్థమవుతుంది. గైడ్ లేకపోయినా పర్వాలేదు, తొందరపడకుండా ఉంటే చాలు.

చుట్టాల విషయం ముందే తేల్చుకోండి. మన పద్మశాలీ కుటుంబాలు బొంబాయి దగ్గరి భివండీలో తరాలుగా ఉన్నాయి. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ నుంచి ఎవరికో ఒకరికి అక్కడ మేనమామో చిన్నమ్మో ఉండనే ఉంటారు. "బొంబాయి దాకా వచ్చి ఇంటికి రారా?" అంటారు, ప్రేమతోనే అంటారు. భివండీ వెళ్లి రావడానికే ఒక రోజు పోతుంది, భోజనం, బట్టలు పెట్టడం, ఇంకో ఇంటికి పోవడంతో రెండో రోజు కూడా పోతుంది. ఎవరి వైపు చుట్టాలో వాళ్లే ఫోన్ చేసి, "అత్తా, ఈసారి ఇద్దరమే వస్తున్నాం, ఏమీ అనుకోవద్దు, పిల్లతో మళ్లీ వస్తాం" అని మెల్లగా చెప్పాలి. ఆ మాట కోడలితో చెప్పించొద్దు. నింద ఆమె మీద పడుతుంది.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీకు బొంబాయి అంటే ఎయిర్‌పోర్టే కావచ్చు. పెళ్లయ్యాక కలిసి ఉన్నది నెలల లెక్కే అయితే, ఇద్దరూ ఒకరి అలవాట్లు ఒకరికి పూర్తిగా తెలియనివాళ్లే. ఆయనకు గదిలో నిశ్శబ్దంగా పడుకోవాలని ఉంటుంది, ఆమెకు ఇన్నాళ్లు దాచుకున్న మాటలన్నీ చెప్పాలని ఉంటుంది. రెండూ న్యాయమే. దిగిన వారంలోనే టూర్ పెట్టుకోకుండా, ఇంట్లో చుట్టాల రాకపోకలు తగ్గాక వెళ్లండి. ఇప్పుడు ఇంకో బిడ్డ కావాలా వద్దా అన్నది బయల్దేరకముందే నిదానంగా మాట్లాడుకోండి. ఆమె నెలసరి తేదీలు చూసి టికెట్ తీయండి. తేదీ వెనక్కి జరిపే మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు, అందరికీ పడవు, డాక్టర్‌ని అడగాలి.

బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లేవాళ్లకు మనసు వెనక్కి లాగుతూనే ఉంటుంది. అది సహజం. వెళ్లేముందు రెండు రాత్రులు బిడ్డను అక్కడ పడుకోబెట్టి చూడండి. మందులు, వేసిన టీకాల కాగితం, డాక్టర్ నంబరు అమ్మమ్మ చేతికివ్వండి. వీడియో కాల్ పొద్దున బిడ్డ ఆడుకునే వేళ చేయండి. నిద్రవేళ చేస్తే అక్కడ బిడ్డ, ఇక్కడ తల్లి, ఇద్దరూ ఏడుస్తారు.

పుస్తెల తాడు, పెద్ద నగలు ఇంట్లో భద్రపరిచి సన్న నల్లపూసలతో వెళ్లండి. తాడు తీయడం ఆమెకు ఇష్టం లేకపోతే బలవంతం వద్దు, జాకెట్ లోపలికి ఉండేలా వేసుకోవాలి. డబ్బు ఒకరి దగ్గరే పెట్టొద్దు. ఇంటికి తాళం వేసి వెళ్తుంటే మీ పోలీస్ స్టేషన్‌లో చెప్పండి, వాట్సాప్ స్టేటస్‌లో ఫోటోలు తిరిగొచ్చాక పెట్టుకోండి. వడాపావ్, పావ్‌భాజీ వేడివేడిగా తినండి, ఐస్ కలిపిన నీళ్లు, జ్యూస్‌ల జోలికి పోవద్దు. రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, రైల్లోకి కాసిని సకినాలు. రైల్లో ఇబ్బంది వస్తే 139, ఎక్కడైనా ఆపద వస్తే 112.

తిరుగు టికెట్ మీద స్టేషన్ పేరు మళ్లీ చదవండి. సీఎస్ఎంటీ, దాదర్, కుర్లా దగ్గరి లోకమాన్య తిలక్ టెర్మినస్, బాంద్రా టెర్మినస్, ముంబై సెంట్రల్, అన్నీ వేర్వేరు చోట్లు, ఒకచోటికి పోయి ఇంకోచోటి బండి అందుకోవడం కుదరదు. రైలు టైముకు రెండు గంటల ముందే గది నుంచి బయల్దేరండి. ఇల్లు చేరిన మర్నాడే డ్యూటీకి పోకుండా ఒక్క రోజు సెలవు మిగుల్చుకోండి.