తల్లీకూతుళ్ల థీమ్ పార్కు యాత్ర, తక్కువ ఖర్చుతో – 3వ పాఠం: తేదీ, టికెట్, క్యూ లెక్క

మొదటి పాఠంలో తల్లీ కూతురూ ఒకరి కాగితం మరొకరు చూడకుండా తమకు కావలసిన రైడ్లనూ ప్రదర్శనలనూ రాసుకున్నారు. రెండవ పాఠంలో యాత్రకు పెట్టగలిగిన మొత్తాన్ని 100 పాళ్లుగా భావించి, ప్రయాణం, బస, టికెట్లు, తిండి, చిల్లర ఖర్చులు అనే ఐదు పద్దులుగా విడగొట్టారు. మూడవ పాఠంలో టికెట్ల పద్దు ఒక్కటే తీసుకుందాం. మిగిలిన నాలుగు పద్దులు ఏ తేదీకి వెళ్తున్నామన్న దాని మీద ఆధారపడతాయి, ఆ తేదీని తేల్చేది టికెట్ కాబట్టి, ఇది కుదరకముందే హోటల్ గది వెతకడం తిరకాసు పని. ఖర్చు తగ్గించాలనగానే చాలామంది మొదట తిండి పద్దును కోస్తారు. నా తొలి యాత్రలో నేనూ అదే చేశాను. మధ్యాహ్నానికి ఇద్దరికీ నీరసం వచ్చి, కోసిన దానికి రెట్టింపు సాయంత్రం పెట్టవలసి వచ్చింది.

టికెట్‌తో మనం కొనేది ఏమిటి?

1955 జులై 17న కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచినప్పుడు లోపలికి వెళ్లడానికి ఒక రుసుము, రైడ్లకు విడివిడిగా మరికొంత రుసుము ఉండేవి. అదే సంవత్సరం అక్టోబరులో కూపన్ పుస్తకాలు వచ్చాయి. ఎ, బి, సి అని మొదలైన ఈ కూపన్లకు తరవాత డి, 1959లో ఇ తోడయ్యాయి. అందరూ ఎక్కాలనుకునే పెద్ద రైడ్లన్నీ ఇ కూపన్ కిందకే వచ్చేవి. 1982లో ఈ పద్ధతిని ఎత్తివేసి, ఒకే టికెట్‌తో లోపల ఏ రైడ్ అయినా ఎన్నిసార్లయినా ఎక్కవచ్చన్నారు. ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద పార్కులలో ఎక్కువ భాగం నడిచేది ఈ తీరులోనే.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. కూపన్ ఉన్న రోజుల్లో పెద్ద రైడ్‌కు పెద్ద వెల కట్టాలి గనుక అక్కడికి వచ్చేవారి సంఖ్య ఆ వెల దగ్గరే కొంత తగ్గేది. గేటు దాటాక ఏ రైడ్‌కూ విడిగా వెల లేదన్నప్పుడు అందరూ ఒకే రైడ్ దగ్గరకు చేరతారు, అప్పుడు ఆ వెలను డబ్బుకు బదులు నిలబడే సమయంతో చెల్లిస్తారు. కాబట్టి మనం టికెట్ పేరుతో కొంటున్నది కొన్ని గంటలు. ఆ గంటలలో ఎన్ని రైడ్లు ఎక్కగలమన్నదే అసలు లెక్క. ఈ పాఠమంతటికీ ఒకే కొలమానం వాడుదాం: ఇద్దరి టికెట్లకు పెట్టిన పాళ్లను, మీ జాబితాలో ఉండి మీరు నిజంగా ఎక్కగలిగిన రైడ్ల సంఖ్యతో భాగించగా వచ్చేది. దాన్ని ‘రైడ్ వెల’ అందాం.

పాత పద్ధతి పూర్తిగా పోలేదు. 1843లో కోపెన్‌హాగెన్‌లో తెరిచిన టివోలీ తోటలో ప్రవేశ రుసుము వేరు, రైడ్ల టికెట్లు వేరు. తల్లికి అరవై దాటి మోకాళ్ల నొప్పులు ఉంటే, లేదా ఎత్తులంటే గుండెదడ ఉంటే, ఇలాంటి పార్కులో ఆమెకు ప్రవేశం మాత్రం కొని, కూతురికి రైడ్ల పాస్ కొనవచ్చు. ఒకే టికెట్ పద్ధతి ఉన్న చోట బెంచీ మీద కూర్చున్న తల్లికీ పూర్తి వెల చెల్లించక తప్పదు. పార్కును ఎంచుకునే ముందే ఈ తేడా చూసుకోవాలి.

ఇద్దరే ఉన్నప్పుడు

యాత్ర ఖర్చుల సలహాలు ఎక్కువగా నలుగురున్న కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇద్దరికి అవి సగమే వర్తిస్తాయి. పార్కింగ్ రుసుము, గది అద్దె వంటివి ఎందరున్నా దాదాపు ఒకటే గనుక, నలుగురి మీద పడేది ఇద్దరి మీదే పడుతుంది. అందుచేత మనకు ఆదా దొరికేది ఇలా పంచుకునే పద్దులలోనే. సొంత బండి కన్నా బస్సు లేదా రైలు నలుగురికి ఖరీదు కావచ్చు గానీ, ఇద్దరికి తరచు చవక. ఈ లెక్కను తప్పక రాసి చూడండి, ఊహతో వదిలేయకండి.

వయసు నిబంధన టికెట్ వెలను ఒక్కసారిగా మారుస్తుంది. అమెరికాలోని డిస్నీ పార్కులలో 3 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు, 10 ఏళ్లు నిండినప్పటి నుంచి పెద్దల టికెట్ కొనాలి. టోక్యో డిస్నీలో 4 నుంచి 11 ఏళ్లు పిల్లల టికెట్, 12 నుంచి 17 వేరే తరగతి. కొన్ని పార్కులు వయసును అసలు చూడకుండా ఎత్తును కొలుస్తాయి. పుట్టినరోజుకు ముందు వెళ్లాలా, తరవాత వెళ్లాలా అన్న చిన్న ప్రశ్నకు ఒక్కోసారి రెండు మూడు పాళ్ల తేడా ఉంటుంది.

రైడ్ ఎక్కడానికి ఉండే ఎత్తు నిబంధన అంతకంటే ముఖ్యమైనది, దాన్ని చాలామంది గేటు దగ్గరకు వెళ్లాకే గమనిస్తారు. ఒకే పేరున్న రైడ్‌కు కూడా ఒక్కో చోట ఒక్కో కొలత ఉంటుంది: డిస్నీ పార్కులలోని స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ ఎక్కాలంటే ఫ్లోరిడాలో 112 సెంటీమీటర్లు, ఆనహైమ్‌లో 102 సెంటీమీటర్లు ఉండాలి. పెద్ద పార్కులలో ఎత్తు చాలని పిల్లను ఒకరు పట్టుకుని నిలబడితే, మరొకరు ఎక్కి వచ్చాక వంతు మార్చుకునే ఏర్పాటు ఉంది. కానీ తల్లీకూతుళ్లు ఇద్దరే వెళ్లినప్పుడు పిల్లను పట్టుకునే మూడో మనిషి లేదు! అంటే కూతురు ఎక్కలేని రైడ్ తల్లికీ లేనట్టే. కూతురు చిన్నదైతే మొదటి పాఠంలోని రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, ఆ రైడ్లన్నీ తల్లి కాగితం నుంచి కూడా ఇప్పుడే కొట్టివేయండి. మిగిలిన జాబితా ఐదారుకు దిగిపోతే, పెద్ద పార్కుకు పెద్ద టికెట్ కొనడంలో అర్థం లేదు. చిన్న పార్కు వెతకవచ్చు, రెండేళ్లు ఆగవచ్చు.

కూతురు ఎదిగినదైతే తోవ వేరు. కొన్ని రైడ్లకు సింగిల్ రైడర్ వరుస ఉంటుంది. జంటల మధ్య మిగిలిపోయిన ఖాళీ సీట్లను నింపడానికి ఒక్కొక్కరినీ ఇందులోంచి పిలుస్తారు గనుక అది తరచు త్వరగా కదులుతుంది. దానికి అదనపు రుసుము లేదు. పక్కపక్కన కూర్చోలేకపోవడమే దాని వెల. తల్లి ప్రదర్శన చూస్తున్న అరగంటలో కూతురు ఇలా ఒక రైడ్ ముగించుకుని రావచ్చు. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 7 ఏళ్లలోపు పిల్లలను రైడ్లలో ఒంటరిగా కూర్చోనివ్వరు కాబట్టి, పసిపిల్లలతో ఈ ఉపాయం పనికిరాదు.

చవక తేదీ నిజంగా చవకేనా?

అమెరికాలోని డిస్నీ పార్కులు 2016లో ఒక్క రోజు టికెట్‌కు రద్దీని బట్టి వేరువేరు వెలలు పెట్టాయి. ఇప్పుడు ఇంకా చాలా పార్కులు ఈ దారిలో ఉన్నాయి. తేదీల పట్టిక తెరవగానే అన్నిటికన్నా తక్కువ అంకె మీదికి కన్ను వెళ్తుంది. అక్కడే ఆగి లెక్క వేయాలి.

రద్దీ రోజున ఇద్దరి టికెట్లు 30 పాళ్లు, పార్కు 13 గంటలు తెరిచి ఉంటుందనుకుందాం. తిండికీ విశ్రాంతికీ 2 గంటలు తీసేస్తే 660 నిమిషాలు మిగిలాయి. సగటున క్యూలో 60 నిమిషాలు, నడకకూ రైడ్‌కూ 20 నిమిషాలు పడితే 8 రైడ్లు కుదురుతాయి. రైడ్ వెల 3.75 పాళ్లు. చవక రోజున టికెట్లు 24 పాళ్లు, పార్కు 8 గంటలే తెరిచి ఉంటుందనుకుందాం. గంటన్నర తీసేస్తే 390 నిమిషాలు. క్యూ 25 నిమిషాలు, మిగతాది 20 నిమిషాలు అయితే ఇక్కడా 8 రైడ్లే. రైడ్ వెల 3 పాళ్లు. చవక రోజే నెగ్గింది.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక దాగి ఉంది. జనం తక్కువ వచ్చే రోజుల్లో పార్కులు ఖర్చు తగ్గించుకోవడానికి రోలర్ కోస్టర్ మీద రెండు రైళ్లకు బదులు ఒకటే నడపవచ్చు. మరమ్మతుల కోసం కొన్ని రైడ్లను మూసేది కూడా ఈ కాలంలోనే. ఒక రైలు తీసేస్తే, జనం సగమైనా క్యూ సగం కాదు. ఆ రోజు సగటు క్యూ 50 నిమిషాలకు చేరితే 390 నిమిషాలలో 5 రైడ్లు మాత్రమే కుదురుతాయి, రైడ్ వెల 4.8 పాళ్లకు పోతుంది. ఒకసారి మేము ఏడాదిలో అతి తక్కువ టికెట్ ఉన్న రోజు వెతికి మరీ వెళ్లాము. మా అమ్మాయి జాబితాలో మొదటి రెండు రైడ్ల చుట్టూ తడకలు కట్టి ఉన్నాయి. మరమ్మతుల తేదీలు పార్కు వెబ్‌సైట్‌లో ముందే ఉన్నాయి. చూడనిది నేనే.

కాబట్టి ప్రతి తేదీకీ మూడు అంకెలు రాసుకోండి: టికెట్ వెల, తెరిచి ఉండే గంటలు, మీ జాబితాలో ఆ రోజు మూసి ఉన్న రైడ్లు. మొదటి అంకె ఒక్కటే చూసి తేదీ నిర్ణయించకండి.

క్యూ లెక్క

ఈ లెక్క వస్తే మిగతాదంతా సులువు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం, నిలకడగా సాగే వరుసలో ఉన్నవారి సంఖ్యను గంటకు ఎక్కుతున్నవారి సంఖ్యతో భాగిస్తే నిలబడవలసిన సమయం వస్తుంది. ఒక రోలర్ కోస్టర్ రైలులో 24 సీట్లు, ప్రతి 90 సెకన్లకు ఒక రైలు బయలుదేరుతుందనుకోండి. గంటకు 40 రైళ్లు, 960 మంది. మీ ముందు 480 మంది ఉంటే అరగంట. రైలు 180 సెకన్లకు ఒకటి బయలుదేరితే అదే 480 మందికి గంట. వరుస పొడవును చూసి భయపడడమూ ధైర్యపడడమూ రెండూ పొరపాటే. ఒక రైలు బయలుదేరాక తరవాతి రైలు ఎంతసేపటికి వెళ్తుందో గడియారంలో చూస్తే నిజం తెలుస్తుంది.

ఉదయాన్నే వెళ్లమని అందరూ చెప్తారు, ఎందుకో కొద్దిమందే చెప్తారు. పై రైడ్ దగ్గరకు మొదటి గంటలో 600 మంది వచ్చారనుకుందాం. అది గంటకు 960 మందిని ఎక్కించగలదు కాబట్టి క్యూ ఏర్పడదు. రెండవ గంటలో 1500 మంది వస్తే 540 మంది మిగిలిపోతారు, అంటే సుమారు 34 నిమిషాల క్యూ. మూడవ గంటలోనూ 1500 మందే వచ్చినా, వెనకటి 540కి మరో 540 కలిసి 1080 మంది అవుతారు; క్యూ 67 నిమిషాలు దాటుతుంది. జనం పెరగకపోయినా క్యూ పెరుగుతూనే ఉంటుంది, రాక తగ్గేదాకా అది కరగదు. అందువల్ల గేటు తెరిచే వేళకు అరగంట ముందే చేరుకుని, మొదటి గంటలో ఇద్దరి జాబితాల నుంచి చెరొక పెద్ద రైడ్ ముగించాలి. మధ్యాహ్నం ప్రదర్శనలకూ తిండికీ, చివరి గంట మళ్లీ పెద్ద రైడ్లకు. చాలా పార్కులలో మూసే వేళకు ముందు వరుసలో చేరినవారిని ఎక్కించాకే రైడ్ ఆపుతారు. మీరు వెళ్లే చోట నిబంధన అడిగి తెలుసుకోండి.

ముందు ఎవరి రైడ్ అన్న తగువును గేటు దగ్గర పెట్టుకుంటే ఆ మొదటి గంట కాస్తా కరిగిపోతుంది. ఇంటి దగ్గరే చీటీ వేసుకోవడం మేలు.

డబ్బిచ్చి క్యూ తప్పించుకోవడం

1999లో డిస్నీ ఫాస్ట్‌పాస్ పేరుతో, చెప్పిన వేళకు వస్తే పొట్టి వరుసలో పంపే పద్ధతిని ఉచితంగా మొదలుపెట్టింది. 2021లో అమెరికాలోని పార్కులలో దాని స్థానాన్ని డబ్బు చెల్లించే పద్ధతి తీసుకుంది. దీన్ని కొనాలా వద్దా అన్నదానికి కూడా రైడ్ వెలే జవాబు చెప్తుంది. ఇలాంటి పాస్ ఇద్దరికీ కలిపి 8 పాళ్లు, దానివల్ల రద్దీ రోజున 3 రైడ్లు అదనంగా కుదురుతాయనుకుంటే, ఒక్కో అదనపు రైడ్ సుమారు 2.7 పాళ్లకు వచ్చినట్టు, 3.75 కన్నా అది తక్కువే. కానీ మీ జాబితాలో మొత్తం 8 రైడ్లే ఉండి, పాస్ లేకుండానే ఆ 8 కుదురుతుంటే, ఆ 8 పాళ్లూ తిండి పద్దులోకి వేసుకోండి.

పాస్ కొననివారు మరొకటి గమనించాలి. సీట్లు పాస్ వారికీ మామూలు వారికీ పంచుతారు. పై రైడ్‌లో మూడింట రెండు వంతులు పాస్ వారికి పోతే, మామూలు వరుసకు గంటకు 320 సీట్లే మిగులుతాయి. ఆ 480 మందికి అరగంట కాదు, గంటన్నర పడుతుంది. బయటి నుంచి పొట్టిగా కనిపించే వరుస కదలకపోవడానికి కారణం ఇదే.

రెండవ రోజు టికెట్ మొదటి దానికంటే బాగా తక్కువకు వస్తుందని చూపించి ఊరించే పట్టికలను కాస్త అనుమానంగా చూడండి. ఆ టికెట్ 14 పాళ్లే కావచ్చు. దానికి ఇంకో రాత్రి గది 18, తిండి 8 కలిస్తే 40 అవుతుంది. పార్కుకు దగ్గరలో ఉన్నవారికి గది అక్కరలేదు కనుక వారికి మాత్రం అది 22తో సరిపోతుంది.

అభ్యాసం

మీరు వెళ్లదలచిన పార్కుకు మూడు తేదీలు ఎంచుకోండి: ఒకటి అతి చవకది, ఒకటి మధ్యస్థం, ఒకటి ఖరీదైనది. ప్రతిదానికీ గంటలు, మూసిన రైడ్లు, ఊహించిన సగటు క్యూ రాసి రైడ్ వెల కట్టండి. అతి చవక తేదీకి మాత్రం క్యూ సమయాన్ని రెట్టింపు చేసి రెండవసారి కూడా కట్టండి. లెక్క కూతురు వేయాలి, తల్లి సరిచూడాలి. కూతురు మరీ చిన్నదైతే కనీసం భాగహారం ఆమె చేత చేయించండి. తేదీ తేలినా టికెట్ ఇప్పుడే కొనకండి. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మార్చుకోనిస్తారా అన్నవి చదివి, ఆ నిబంధనను కాగితం వెనక రాసి ఉంచండి. నాలుగవ పాఠంలో గది వెతికేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి.