పాత ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు పనిచేయకపోతే

లినక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో వైఫై కనిపించకపోతే, కార్డు పాడైందనుకునే ముందు ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ (rfkill list) అనే ఆదేశం ఇచ్చి చూడండి. ‘హార్డ్ బ్లాక్డ్’ ఎదురుగా ‘యెస్’ ఉంటే అది ఆదేశాలతో తీరేది కాదు. ల్యాప్‌టాప్ అంచున ఉండే చిన్న జారుడు స్విచ్‌ను వెతకాలి. ‘సాఫ్ట్ బ్లాక్డ్’ అయితే ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ (rfkill unblock wifi) చాలు.

అడ్డంకి లేకపోతే ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ (lspci) ఆదేశంతో కార్డు పేరు తెలుసుకోండి. బ్రాడ్‌కామ్ బీసీఎం4311 వంటి కార్డులకు బీ43 డ్రైవర్ (కార్డును నడిపించే ప్రోగ్రాం) లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోనే ఉన్నా, దానికి కావలసిన ఫర్మ్‌వేర్‌ను (కార్డులోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాంను) లైసెన్సు కారణంగా అందులో కలపలేదు కనుక, కార్డు బాగానే ఉండి కూడా మూగబోతుంది. కొందరు ఇక్కడే అనవసరంగా కొత్త కార్డు కొంటారు. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్‌లోనైతే, ప్యాకేజీలు దొరికే చోట్లలో ఒకటైన కంట్రిబ్ (contrib) విభాగాన్ని చేర్చి, ‘ఫర్మ్‌వేర్-బీ43-ఇన్‌స్టాలర్’ (firmware-b43-installer) ప్యాకేజీని పెట్టుకోవాలి. అది ఫర్మ్‌వేర్‌ను ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటుంది గనుక, అప్పటివరకు ఈథర్‌నెట్ కేబుల్‌నో, ఫోన్‌లోని యూఎస్‌బీ టెథరింగ్‌నో వాడండి.

‘ఎల్‌ఎస్‌పీసీఐ’ చూపే జాబితాలో కార్డు పేరే లేకపోతే, ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఛార్జరు, బ్యాటరీ తీసేసి, అడుగు మూత విప్పి, కార్డును ఊడదీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. యాంటెన్నా తీగలు ఏది ఎక్కడుందో ముందే ఫోటో తీసుకోండి. వాటి చివరనున్న గుండ్రటి కనెక్టర్లను పక్కకు లాగకుండా నిటారుగా పైకి ఎత్తండి. కార్డు మార్చక తప్పకపోతే, కొన్ని పాత మోడళ్ల బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) తన జాబితాలో లేని కార్డులను ఒప్పుకోదు కాబట్టి, మీ మోడల్ సంగతి కొనకముందే తెలుసుకోండి.